కలపని బువ్వ

టీలో చక్కెర కలుపుకోని మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. గ్లాసులో చక్కెర వేయించుకునేవాడు, అది అడుక్కి దిగిపోయేది, పైనున్న చప్పటి టీ ఓపిగ్గా తాగుతూ పోయేవాడు. ఆఖరి గుక్క దగ్గరికి వచ్చేసరికి మొహం విప్పారేది. "కలిపీస్తే అంతా ఒకటే రుచి, తల్లీ. తొందరేటి, కింద ఉన్నాది గదా" అనేవాడు. పోయిన నెల ఆయన పోయాడు. పోయేముందు రోజు సాయంత్రం కూడా టీ అడిగాడట, కానీ గ్లాసు అడుగున చక్కెర అలాగే మిగిలిపోయిందట. అది చూసి ఆయన భార్యకి, మా పిన్నికి, అప్పుడే సంగతి తెలిసిపోయిందట.

మేమందరం ఆయన్ని ఫైర్‌మన్ బాబాయి అనేవాళ్ళం. రైలింజన్‌లో బొగ్గు వేసే పనితో మొదలుపెట్టాడు. తర్వాత డ్రైవరయ్యాడు, మెయిలు బండి నడిపాడు, రిటైరయ్యాడు, అయినా ఆ పిలుపు మారలేదు. నాకు ఆయనతో రక్తసంబంధం ఏమీ లేదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా తెలుగు లైనుది ఒక పద్ధతి. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు పనికోసం వచ్చినవాళ్ళం, సొంత చుట్టాలు ఎక్కడో దూరాన ఉండిపోయారు, అందుకని గోడ అవతలి వాళ్ళనే వరసపెట్టి పిలుచుకునేవాళ్ళం. ఆయన మా పక్కింటి బాబాయి, ఆయన భార్య పిన్ని. పెళ్ళయ్యాక నేను అదే లైనులో కాస్త అవతలి క్వార్టర్‌కే కాపురానికి వెళ్ళాను కనక ఆ వరసలు అలాగే ఉండిపోయాయి.

ఆయన కూర్చోవడం తక్కువ. ఇంజన్ మీద ఏళ్ళ తరబడి కాళ్ళు ఎడం చేసుకుని నిలబడిన అలవాటు కాబోలు, మా వంటింటి గుమ్మంలో కూడా అలాగే నిలబడేవాడు. నేల ఎప్పుడు కుదుపుతుందో అని చూసుకుంటున్నట్టు ఉండేది ఆ నిలబడడం. కనుబొమలు ఎప్పుడో కమిలిపోయి మళ్ళీ సరిగ్గా మొలవలేదు. ఎవరింటికి వచ్చినా మనుషులకన్నా ముందు పొయ్యిని పలకరించేవాడు. వంగి చూసి, "అచ్ఛా, ఎడం మూల మంట సచ్చిపోనాది" అని, ఎవరూ అడక్కుండానే పుల్లతో బొగ్గులు సర్దేవాడు. మా అమ్మకి ఒళ్ళు మండేది. ఆయన వెళ్ళాక, "నా పొయ్యి నాకు తెలీదేటి" అని గొణుక్కునేది. పొయ్యి మాత్రం ఆ పూటంతా చక్కగా మండేది, అది ఆమెకి ఇంకా కోపం.

ఇంజన్ పొగ గొట్టంలోంచి నల్లపొగ వస్తోందంటే బొగ్గు సరిగ్గా కాలక దండగ పోతోందని షెడ్‌లో లెక్క. ఆ లెక్కే ఆయన మనుషులకీ వేసేవాడు. లైనులో ఎవరైనా అరుచుకుంటుంటే, "నల్లపొగ ఒదలకండి" అనేసి తన దారిన పోయేవాడు. కాపురానికి వెళ్ళిన కొత్తలో నేను మా ఆయనతో మాటకి మాట పెంచుతుంటే వీధిలోంచి దగ్గు వినిపించేది. అది ఎవరి దగ్గో, దేనికో ఇద్దరికీ తెలుసు. ఇక పోట్లాడ్డానికి నోరు వచ్చేది కాదు.

అన్ని ఇళ్ళకీ తిరిగే మనిషి ఏడాదికి ఒక్కరోజు ఎవరింటికీ వెళ్ళేవాడు కాదు. మాఘ బహుళ దశమి. ఆ రోజు వాళ్ళ పెరట్లో వంట ఆయనది. వండేది ఒక్కటే, ఆయన పాత ఇంజన్ డ్రైవరు ఒక దొర నేర్పింది. మేం దొర బువ్వ అనేవాళ్ళం.

దానికి వేరే పెనం ఉండేది. షెడ్‌లో బాయిలర్ల మేస్త్రీ చేత పాత రేకు కోయించి చేయించింది. ఎత్తాలంటే రెండు చేతులూ బారా చాపాలి, లోతు చూస్తే వేలెడు లేదు. రెండు పక్కలా రివిట్లు కొట్టిన చెవులు. రాళ్ళ మీద దాన్ని ఎక్కించి, కింద బొగ్గులు చిన్న పారతో తనే పరిచేవాడు. అంచుల కింద దట్టంగా, నడుమ పల్చగా, ఇంజన్ పొయ్యిలో ఎలా పరుస్తారో అలాగే. ఎక్కడా మంట చావకూడదు, ఎక్కడా ఎగరకూడదు.

నువ్వులనూనె కాగాక వెల్లుల్లి, ఉల్లిపాయ వేపి, రామ్ములగపళ్ళు తురిమి వేసేవాడు. టమాటాలని మా వైపు అలాగే అంటాం. ఆ తురుములో నీరంతా ఇగిరి నూనె పైకి తేలేదాకా కదలకుండా నిలబడేవాడు. గింజలు తీసి నానబెట్టి నూరిన ఎండుమిరప, అర్పా నది అవతల సర్కండా నుంచి బుట్టలతో వచ్చే ఆడవాళ్ళ దగ్గర కొన్న చిక్కుడు గింజలు. దొర దేశంలో ఏదో ముళ్ళ మొగ్గని ఒలిచి లోపలి మెత్తటి భాగం వేస్తారట. అది ఇక్కడ దొరక్క దొరే వెతికి వెతికి అరటిపువ్వు పట్టుకున్నాడట. పై దొప్పలు తీసేసి లోపలి తెల్లటి మొగ్గని నిలువునా చీల్చి పెనం నిండా పేర్చేవాడు. కుంకుమపువ్వు దొరికిన ఏడు అది, దొరకని ఏడు పసుపు. నీళ్ళు మరిగాక పొట్టి బియ్యం చల్లి, గరిటె వెనకతో ఒక్కసారి సర్ది, ఆ గరిటె తీసుకెళ్ళి దూరంగా గూట్లో పెట్టేసేవాడు. ఇక ఎవరూ ముట్టకూడదు.

అది చూస్తూ ఊరుకోవడం మా ఆడవాళ్ళకి చేతనయ్యేది కాదు. ఒక ఏడు ఆయన నీళ్ళకి లోపలికి వెళ్ళినప్పుడు, అడుగంటిపోతోందన్న భయంతో మా అమ్మ గరిటె తెచ్చి పెనం అంతా అటూ ఇటూ కలిపేసింది. ఉపకారం చేశాననే అనుకుంది. ఆయన వచ్చి చూశాడు. ఆ పెనం దింపి, ఆ అన్నం మా అందరికీ ఆకుల్లో వడ్డించేసి, పెనం కడుక్కుని, మళ్ళీ వెల్లుల్లి ఒలవడం దగ్గర నుంచి మొదలుపెట్టాడు. తర్వాత ఏ ఏడైనా ఆ రోజు మా అమ్మ ఆ పెరట్లోకి చేతులు వెనక్కి కట్టుకునే వెళ్ళేది.

నీరు ఇంకాక ఆయన వంగి చెవి ఒగ్గి వినేవాడు. అడుగున చిటచిటమని మొదలయ్యేది. అడుగు మాడు కట్టాలి, కానీ నల్లబడకూడదు. ఆ చప్పుడు ఎప్పుడు మారిందో మాకెవరికీ తెలిసేది కాదు, ఆయన దించేసేవాడు. తడిగుడ్డ కప్పి కాసేపు ఉంచి, గుడ్డ తీసి, చెంచా అంచుతో అన్నం మీద గీతలు గీసేవాడు, నడుమ నుంచి అంచులకి. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఉన్నది ఒకరి వాటా. ఒక వాటా అరిటాకులోకి తీసుకుని, కాలనీ దాటాక ఉన్న గోరీల దొడ్డికి వెళ్ళి, దొర సమాధి మీద పెట్టేవాడు. కాకి ముట్టేదాకా నిలబడి తిరిగొచ్చేవాడు. అప్పుడు పెనం ముందు ఒక్కడే నిలబడి, తన వాటా మటుకు తన వైపు నుంచి తినేవాడు. ఆ రోజు తిండి కూడా నిలబడే.

మిగిలింది మాకు ఆకుల్లో పెట్టేవాడు. తినేవాళ్ళం, బాగుండేది. కానీ ఆయనతో పాటు ఆ పెనంలో చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఒకరు తింటున్న గిన్నెలో ఇంకొకరు తింటే ఎంగిలి. మా లైనులో అక్కచెల్లెళ్ళ మధ్య కూడా ఆ పట్టింపు గట్టిగానే ఉండేది. "ఎవుడి వాటా ఆడిది. గీత దాటితే గదా ఎంగిలి" అని ఆయన అంటే పెద్దవాళ్ళు మొహం తిప్పుకునేవారు.

పిన్ని అందరికన్నా ఎడంగా ఉండేది. కూరలు తరిగి అందించేది కానీ పెనం ముట్టేది కాదు, రుచి కూడా చూసేది కాదు. పెరటి గడప ఇవతల కూర్చుని చేటలో ఏదో ఒకటి చెరుగుతూ ఉండేది. వాళ్ళత్తగారు ఎంగిలీ అంటూ విషయంలో నిప్పులాంటి మనిషి, ఆవిడ చేతికింద బతికింది కదా అనుకునేవాళ్ళం. ఒకటే వింత. అంతా అయిపోయాక ఆ పెనం తోమేది మాత్రం పిన్నే. నేను తోముతానని వెళ్తే పచ్చబొట్టున్న చేత్తో పక్కకి తోసేసేది. బూడిద, చింతపండు వేసి, తలెత్తకుండా, అవసరానికి మించి తోమేది.

దొర సంగతి బాబాయి ముక్కలు ముక్కలుగా చెప్పగా విన్నదే. ఇంగ్లీషు దొర కాదు, స్పెయిను దేశం వాడు. ఓడల్లో ఇంజన్ పని చేస్తూ కలకత్తాలో దిగి, రైల్వేలో డ్రైవరుగా చేరి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. తక్కిన దొరలు ఆయన్ని కొంచెం ఎడంగానే ఉంచేవారట. బాబాయి ఆయన ఇంజన్ మీద ఫైర్‌మన్, కట్నీ లైనులో. శుక్రవారం దొర మాంసం ముట్టడు, వాళ్ళ మతం నియమం. శుక్రవారం మా ఇళ్ళలోనూ నీసు వండరు. ఇద్దరికీ కలిసింది ముందుగా అదే.

ఒక శుక్రవారం ఎదురు బండి కోసం వాళ్ళ గూడ్సుని కర్గీ రోడ్ స్టేషన్‌లో చాలాసేపు ఆపేశారట. దొర దిగి, లైను పక్కన రాళ్ళు పేర్చి, ఇంజన్ లోంచి పారతో నిప్పులు తెమ్మని, వంట మొదలుపెట్టాడు. వండాక చెంచా ఒకటి బాబాయి చేతికిచ్చి ఎదురుగా కూర్చోమన్నాడు.

"నాను నిలబడిపోనాను, తల్లీ" అని బాబాయి చెప్పేవాడు. "దొర ఎదర కూకోవడమే నేదు, ఆ పైన ఒక్క పెనంలోన తినడం ఏటి. ఒద్దు దొరా, ఎంగిలవుతాది అన్నాను. అదేటని అడిగినాడు. సెప్పినాను. నవ్వలేదు. అచ్ఛా అన్నాడు. సెంచా తీసుకుని గీత ఇంకా లోతుగా గీసినాడు. ఇటు నాది, అటు నీది, నాను దాటితే నా సెయ్యి మీద కొట్టు అన్నాడు."

స్టేషన్ కూలీలు చుట్టూ చేరి చూస్తుండగా ఇద్దరూ తిన్నారు. దొర గీత దాటలేదు. అంతవరకూ తనని ఎవరూ మాట అడిగి, విని, దానికి తగ్గట్టు నడుచుకోలేదని బాబాయి అనేవాడు. ఆ తర్వాత వండడం నేర్పాడు. దొర నేర్పే విద్యంతా రెండు హిందీ మాటల్లో ఉండేదట. "మత్ హిలావ్." కదపకు. బాబాయి నోట ప్రతి మాటకి ముందు వచ్చే "అచ్ఛా" కూడా దొరదే.

ఒక మాఘమాసంలో దొరకి ఊపిరితిత్తులకి జబ్బు చేసి రైల్వే ఆసుపత్రిలో పడుకున్నాడు. అన్నం సయించడం లేదు. శుక్రవారం పొద్దున వార్డు పని మనిషి బాబాయి ఇంటికి కబురు తెచ్చాడు. దొర ఆ బువ్వ అడుగుతున్నాడు, ఫైర్‌మన్‌నే వండమన్నాడు. బాబాయి అప్పుడే డ్యూటీ దిగాడు, నిద్రైనా పోకుండా పొయ్యి వెలిగించాడు. అన్నం దించి గుడ్డ కప్పాడో లేదో, షెడ్ నుంచి కాల్‌మన్ వచ్చాడు. కాల్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడంటే డ్యూటీకి బయలుదేరాల్సిందే, ఒంట్లో బాగాలేకపోతే తప్ప కాదనడానికి లేదు. స్పెషల్ గూడ్సు, ఫైర్‌మన్ లేడు. "ఎవుడిసేతైనా అంపీ" అని పెళ్ళాంతో చెప్పి బాబాయి వెళ్ళిపోయాడు. కట్నీ నుంచి తిరిగి వచ్చేసరికి దొరని పాతిపెట్టేశారు.

ఇంటికొచ్చి అడిగాడు, బువ్వ అంపినావా అని. అత్తగారు వరండాలో కూర్చుని ఉంది. పిన్ని తలొంచుకుని, "ఎవులూ ఒప్పుకోనేదు. ఆవుకెట్టేసినాను" అంది.

అదీ ఆయన మోసుకు తిరిగింది. దొర ఆఖరున నోరు తెరిచి అడిగింది ఒక్కటి, అది వండి కూడా పెట్టలేకపోయాను, ఆకలితో పోయాడు, అని. దొరసానికి మొహం చూపించలేక దొరల కాలనీ వైపే వెళ్ళలేదు. ఆమె కొద్దిరోజుల్లోనే చిన్నపిల్లని తీసుకుని ఖరగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగాక మా లైను పురోహితుడి దగ్గరికి వెళ్ళి దొరకి తద్దినం పెట్టించమని అడిగాడట. పంతులుగారు పాపం మెత్తటి మనిషి. "గోత్రం తెలీదు, కర్త కొడుకు కాదు, ఏమని చెప్పమంటావయ్యా" అన్నాడు. బాబాయి కదలకుండా నిలబడితే, పోయిన తేదీ అడిగి, పంచాంగం తిరగేసి తిథి కట్టి ఇచ్చాడు. "మంత్రం లేకుండా వండి కాకికి పెట్టుకో. తప్పు లేదు. ఉల్లీ వెల్లుల్లీ మటుకు వెయ్యకు" అన్నాడు. "ఎల్లుల్లి నేకపోతే దొర తినడు బాబూ" అన్నాడట బాబాయి.

అలా ఏళ్ళు నడిచాయి. కొన్ని ఏళ్ళు ఆయన వెళ్ళేసరికి సమాధి మీద ఎండిన పువ్వులు కనిపించేవి. కాపలావాడు పెట్టి ఉంటాడనుకున్నాడు. వాళ్ళు తేదీ చూసుకుంటారు, మనం తిథి చూసుకుంటాం, ఒక ఏడు తిథి ముందొస్తుంది, ఒక ఏడు వెనకబడుతుంది. ఆ ఆలోచన మా ఎవరికీ రాలేదు. ఒక ఏడు మాఘంలో పంతులుగారే వీధిలో ఆపి చెప్పాడు. "ఈసారి నీ దొర తిథీ తేదీ ఒక్కనాడే పడ్డాయి. పందొమ్మిదేళ్ళకోమారు కలుస్తాయి, ఇదే ఆ ఏడు." బాబాయికి అందులో విశేషం తోచలేదు. "అచ్ఛా" అని ఊరుకున్నాడు.

ఆ ఏడు ఆయన కుడిచేతికి ఆవిరి కొట్టి కట్టు కట్టి ఉంది. వంట ఎడంచేత్తో ఎలాగో చేశాడు కానీ, ఆకు పట్టుకోవడానికి నన్ను వెంట రమ్మన్నాడు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాదో రెండేళ్ళో. గోరీల దొడ్డిలోకి వెళ్ళేసరికి దొర సమాధి దగ్గర గౌను తొడుక్కున్న ఒక అమ్మాయి పువ్వులు పెడుతూ ఉంది. మమ్మల్ని చూసి లేచింది. నా చేతిలో ఆకు చూసింది, ఆకులోంచి ఆవిరి ఇంకా వస్తోంది. వాసన తగిలిందనుకుంటాను, మొహం మారింది.

"ఎవరు మీరు?" అని హిందీలో అడిగింది.

"ఆరి ఫైర్‌మన్‌ని" అన్నాడు బాబాయి, అదీ హిందీలోనే.

ఆమె దొర కూతురు. ఏటా తండ్రి పోయిన తేదీకి ఖరగ్‌పూర్ నుంచి బండిలో వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్ళిపోతుందట. సమాధి రాతి మీద పసుపు మరకలు చూసేదట కానీ ఏమిటో తెలియలేదట. బాబాయినే చూస్తూ, "మీరేనా? ఆ రోజు డ్యూటీకి వెళ్ళిపోయిన ఫైర్‌మన్?" అంది.

బాబాయి తల దించుకున్నాడు. "ఔను మిస్సీ. దొరకి బువ్వ అందించలేకపోనాను" అన్నాడు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "అందలేదా? ఎవరు చెప్పారు?" అంది. తర్వాత జరిగింది తన మాటల్లోనే చెప్పింది. ఆ సాయంత్రం ఒక ఆవిడ తల మీద ఇంత పెనం పెట్టుకుని వార్డు వెనక తలుపులోంచి వచ్చింది. చేతి మీద పచ్చబొట్టు. నాన్న దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నాడు. చెంచాతో గీతలు గీశాడు. తన వాటా తిన్నాడు, అమ్మ తింది, నేను తిన్నాను. ఒక వాటా మిగిలింది, నేను చెంచా పెట్టబోతే, అది ఫైర్‌మన్‌ది అని నాన్న ఆపాడు. ఆవిడ గోడవారగా నిలబడి ఉంది. నాన్న ఆవిడని పిలిచి, ఫైర్‌మన్ డ్యూటీలో ఉన్నాడు, ఆయన వాటా నువ్వు తినాలి అన్నాడు. ఆవిడ చాలాసేపు రాలేదు. వచ్చి, నా పక్కన కూర్చుని, చెంచా వద్దని చేత్తో తింది. నాన్న నవ్వాడు. ఆ జబ్బులో నాన్న నవ్వగా చూడడం అదే.

"దొర తిన్నాడా?" అన్నాడు బాబాయి.

"అడుగు మాడు కూడా గీకి తిన్నాడు."

బాబాయి "అచ్ఛా" అన్నాడు. అని, ఆ మట్టిలో కూర్చుండిపోయాడు. ఆయన నేల మీద కూర్చోగా నేను చూడడం అదే మొదలు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, శబ్దం లేకుండా ఏడ్చాడు. ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. ఆకు నేనే సమాధి మీద పెట్టాను. కాకి వచ్చిందో లేదో ఆ ఏడు ఎవరూ చూడలేదు.

ఆయన గబగబా ముందు నడిచాడు. నాకు భయం వేసింది. ఇన్నేళ్ళు దాచిన పెళ్ళాన్ని ఏ మగవాడైనా ఏం చేస్తాడో లైనులో చూసినదాన్ని. ఆ అమ్మాయినీ వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి పిన్ని గడప దగ్గర చేటతో కూర్చుని ఉంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు ఆకుల కోసం కాచుకుని ఉన్నారు. గౌను అమ్మాయిని చూడగానే పిన్ని చేతిలో చేట ఆగిపోయింది.

"ఏటి, నా వాటా నువ్వు తినీసినావంట" అన్నాడు బాబాయి.

అందరూ వింటున్నారు. పిన్ని చేట కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. "తిన్నాను" అంది. పెనం వంక చూసి, "ఉప్పు సాల్లేదు" అంది.

పిన్ని నేల చూస్తూనే చెప్పింది. "ఎవుల్ని అడిగినా మాము మోయం అన్నారు. నానే మోసినాను. దొర తినమంటే కాదనలేకపోనాను, సచ్చిపోయే మనిషి. ఇంటికొచ్చి సెప్దునా, అత్త ఉన్నాది. ఆలతోటి ఎంగిలి తిన్నానంటే గడప ఎక్కనిచ్చునా? అత్త పోనాక సెప్దామనుకున్నాను. అప్పటికి నువ్వు ఎన్నేళ్ళు ఏడిసినావు. ఇన్నేళ్ళు ఏడిపించినానని ఏ మొగంతోటి సెప్పను?"

ఇక నల్లపొగ వస్తుందనుకున్నాను. ఆయన గూట్లోంచి చెంచా తీసుకుని పెనం మీద గుడ్డ తీశాడు. దొర వాటా తీసిన చోటు ఖాళీగా ఉంది. మిగిలినదాని మీద ఎడంచేత్తో కొత్త గీతలు గీశాడు, వంకరగా వచ్చాయి. ఒకటి ఆ అమ్మాయికి చూపించాడు. ఒకటి తన ముందు. మూడోదాని ఎదట పీట వేశాడు.

"కూకో" అన్నాడు.

పిన్ని అక్కడున్న ఆడవాళ్ళ వంక ఒకసారి చూసింది. వచ్చి కూర్చుంది. ఆయన కూడా కూర్చున్నాడు. ముగ్గురూ ఆ పెనంలో తిన్నారు. పిన్ని చేత్తోనే తింది, గీత దాటలేదు. తర్వాత మా లైనులో నెల్లాళ్ళు అదే మాట. కొందరు పిన్ని చేతి మంచినీళ్ళు మానేశారు కూడా. పిన్ని ఎవరినీ బతిమాలలేదు.

ఇక ఆ వంట అక్కర్లేదు కదా అని మరుసటేడు మా అమ్మ అంది. దొర తిన్నాడని తెలిసిపోయింది, ఇంకెందుకు అని. "ఇన్నాళ్ళూ ఆకలికి ఎట్టినాను. ఇప్పుడు సుట్టంగా ఎడతాను" అన్నాడు బాబాయి. ఆ అమ్మాయి తేదీ మానేసి తిథికే రావడం మొదలుపెట్టింది. దేశం మన చేతికి వచ్చి దొరలంతా ఓడలెక్కిన ఏడు ఆమె కూడా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వచ్చి, తన వాటా తిని, పిన్ని చెయ్యి పట్టుకుని ఆ పచ్చబొట్టుని చాలాసేపు చూసింది.

ఇప్పుడు ఆయనా లేడు. కర్మకాండ శ్రీకాకుళం నుంచి వచ్చిన అన్నదమ్ముల పిల్లలు శాస్త్రంగా జరిపించారు. పన్నెండో రోజు భోజనాలయ్యాక, చుట్టాలు ఇంకా ఉండగానే, పిన్ని నన్ను పిలిచి అటక మీది పెనం దించమంది. ఒద్దన్నా వినలేదు. పారతో బొగ్గులు తనే పరిచింది. జన్మలో ఎన్నడూ ఆ బువ్వ వండలేదు, అన్నేళ్ళు గడప ఇవతల నుంచి చూసింది అంతే. ఒక్కటీ తప్పలేదు. బియ్యం చల్లాక గరిటె తీసుకెళ్ళి గూట్లో పెట్టేసింది. వంగి చూసి, "ఎడం మూల మంట సచ్చిపోనాది" అంది. నేను బొగ్గులు సర్దాను.

గీతలు గీసింది. దొర వాటా ఆకులో పెట్టి నాతో పంపింది. తిరిగి వచ్చేసరికి పెనం ముందు కూర్చుని తన వాటా తిని ముగించింది. పక్క వాటా అలాగే ఉంది. చుట్టాల్లో పెద్దాయన ఒకాయన చూసి, "ఆ వాటా కాకికెట్టాల, వొదినా. పోయినోడిది ఇంట్లో తినరాదు" అన్నాడు.

పిన్ని తలెత్తలేదు. "కాకికెందుకు. ఆయన డ్యూటీకెల్లినాడు. డ్యూటీకెల్లినోడి వాటా పెళ్ళాం తినాల. దొర సెప్పినాడు" అంది. అని, చెయ్యి చాపి, గీత దాటి, బాబాయి వాటాలోంచి ముద్ద తీసుకుంది. అడుగు మాడు గోటితో గీకింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోకుండానే తింది. ఎవరూ అడ్డం రాలేదు.

సగం తిన్నాక నా వైపు చూసి, "కూకో" అంది. ఒక వాటా ఇంకా ఉంది. పెళ్ళికాక ముందు నుంచీ ఆ బువ్వ ఆకులోనే తిన్నాను. కూర్చున్నాను. ఆమె తింటున్న పెనంలోనే చెయ్యి పెట్టాను.

"ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది.

సరిపోయింది పిన్నీ అన్నాను. నిజానికి కొంచెం తక్కువే.